కాలనీ సంక్షేమ సంఘం, తిరుపతి: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. వీధి దీపాలు, మంచినీళ్ల పైపులు, వినాయక చవితి ఖర్చుల లెక్కలు సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తాం. ఈ ఏడాది సంఘం శ్రమంతా ఖాళీ ప్లాట్ల మీద, చెరువు మీద పెట్టింది కాబట్టి ఇక్కడ వాటి గురించే రాస్తున్నాం.

వానలు పడగానే ప్లాట్లలో వయ్యారిభామ నడుమెత్తు లేచింది. దురదలు, ఆయాసం అని చాలా ఇళ్ల నుంచి ఫిర్యాదులొచ్చాయి. అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఈ మొక్క 1950లలో పుణె దగ్గర కంటబడి దేశమంతా పాకింది. మన వీధుల్లోకి తెచ్చింది మాత్రం మనం పునాదులకు తోలించుకున్న మట్టే. కొత్తగా మట్టి పోసిన ప్లాట్లలోనే అది దట్టంగా ఉంది, చూడండి. ఒక్క మొక్క 15,000కు పైగా విత్తనాలు రాల్చగలదు, అందుకే పూత రాకముందే పీకాలి. చేతి తొడుగులు, మాస్కులు ఇచ్చి ఆగస్టులో పీకించాం. యజమానులు వేరే ఊళ్లలో ఉన్న ప్లాట్ల జోలికి పోలేకపోయాం. అక్కడిది పూసి, మళ్లీ మన ముంగిళ్లకు వచ్చింది.

చెరువు కట్ట మీది సర్కారు తుమ్మ, అదే మన కంపచెట్టు, పక్క జిల్లా నుంచే మొదలైంది. 1870లలో జమైకా విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటారు. వంటచెరకు దొరుకుతుందన్న మంచి ఉద్దేశంతోనే. కాయలు తిన్న మేకలు, పశువులు విత్తనాలను ఊరూరికీ మోశాయి. బీడు పెట్టిన పొలాలు, పట్టించుకోని చెరువులు దానికి చోటిచ్చాయి. నరికితే మోడు నుంచి గుబురుగా చిగురిస్తుంది. అందుకే అధికారుల అనుమతితో జేసీబీ పెట్టి వేళ్లతో పెకలించాం. ఖర్చు ఎక్కువైందని కొందరన్నారు, కానీ పైపైన నరికిస్తే ఏటా మళ్లీ చందా అడగాల్సి వచ్చేది. ఆ చోట కానుగ, వేప, నేరేడు నాటాం.

చెరువు నీళ్ల మీద తేలుతూ పెరిగే గుర్రపు డెక్క మొక్క విషయంలో ఫలితం రాలేదు. తీయించిన కొద్ది వారాలకే నీళ్లను కప్పేసింది. మన ఇళ్ల మురుగే దానికి ఎరువు. ఆ మురుగు చెరువులోకి పోయినంత కాలం కూలీలకు ఇచ్చే డబ్బు దండగే.

అక్వేరియంలో పెద్దదైన సక్కర్ చేపను జాలితో చెరువులో వదిలేవారికి విన్నపం. ఒళ్లంతా గట్టి పెంకు, ముళ్లు ఉన్న ఆ దక్షిణ అమెరికా చేప వలలు చింపుతుంది, మన చేపలకు తిండి లేకుండా చేస్తుంది. వద్దనుకుంటే కొన్న షాపుకే తిరిగి ఇవ్వండి.

ఖాళీ ప్లాటు శుభ్రం చేయించిన ఖర్చును యజమాని నుంచే వసూలు చేయాలని, మురుగు కాలువను చెరువు నుంచి మళ్లించమని నగరపాలక సంస్థకు అర్జీ పెట్టాలని తీర్మానాలు సిద్ధం చేశాం. సమావేశానికి తప్పక వచ్చి వీటిమీద మీ మాట చెప్పండి.

కార్యదర్శి