పార్టీ వ్యవస్థను ఓటరు నిర్ణయించాలా, ఫిరాయింపుదారులా? కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి నమస్కారములు.

తెలంగాణలోని ఒక చిన్న పట్టణంలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు ఇరవై ఆరేళ్లు పౌరశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. పార్టీ ఫిరాయించిన సభ్యులను అనర్హులుగా ప్రకటించే రాజ్యాంగంలోని పదో షెడ్యూలు గురించి మీకు వివరించవలసిన పని లేదు. దాని వల్ల నా పాఠం ఏ గతి పట్టిందో విన్నవించుకోవడానికే రాస్తున్నాను.

పార్టీ వ్యవస్థల పాఠం వచ్చిన రోజున నల్లబల్ల మీద మూడు గడులు గీసేవాడిని. కమ్యూనిస్టు పార్టీ తప్ప మరొకటి అధికారంలోకి వచ్చే వీలే లేని చైనా మొదటి గడిలో, రెండు పెద్ద పార్టీల మధ్యే అధికారం చేతులు మారే అమెరికా రెండో గడిలో, పలు పార్టీలు పోటీపడే మన దేశం మూడో గడిలో ఉండేవి. 1967 దాకా కేంద్రంలోనూ, చాలా రాష్ట్రాల్లోనూ కాంగ్రెస్సే గెలుస్తూ వచ్చినా మనది ఏకపార్టీ వ్యవస్థ కాదనీ, దానిని ఏకపార్టీ ఆధిపత్యం అంటారనీ, అక్కడ ఓటరు తలచుకుంటే ఆ పార్టీని దించగలడనీ చెప్పేవాడిని. 1956 నుంచి సాగిన కాంగ్రెస్ పాలనను కాదని, పుట్టి పది నెలలైనా నిండని తెలుగుదేశానికి 1983 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రజలు అధికారమిచ్చిన సంగతే అందుకు నా ఉదాహరణ. పిల్లలకు ఆ ఘట్టం బాగా నచ్చేది.

2019 జూన్‌లో తెలంగాణ శాసనసభలో మిగిలిన 18 మంది కాంగ్రెస్ సభ్యుల్లో 12 మంది అధికార పార్టీలో విలీనమయ్యారు. ఆరు నెలల క్రితం ప్రధాన ప్రతిపక్షంగా గెలిచిన పార్టీకి ఆరుగురు మిగలగా, ఏడుగురు సభ్యులున్న మజ్లిస్ దానికంటే పెద్ద పక్షమైంది. ఆ వారంలో పాఠం చెబుతుండగా ఒక అమ్మాయి లేచి, "సార్, ఇప్పుడు మన రాష్ట్రం ఏ గడిలోకి వస్తుంది?" అని అడిగింది. మూడో గడి చూపించడానికి ఎత్తిన సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది. ఆ ప్రశ్నకు ఈనాటికీ నా దగ్గర జవాబు లేదు.

ఇది ఒక్క పార్టీ తప్పు కాదు. 2014లో తెలంగాణలో తెలుగుదేశం 15 స్థానాలు గెలిస్తే, 2016లో అందులో 12 మంది విలీనం పేరుతో వెళ్లిపోయారు. అదే కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో 67 మంది వైఎస్సార్ కాంగ్రెస్ సభ్యుల్లో 23 మంది తెలుగుదేశంలో చేరారు, నలుగురు మంత్రులు కూడా అయ్యారు. సభ గడువు ముగిసేదాకా అనర్హత ఫిర్యాదులు తేలనే లేదు. 2023 తర్వాత పార్టీ మారిన పదిమంది భారత రాష్ట్ర సమితి సభ్యుల వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కితే, మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న న్యాయస్థానం సభాపతిని ఆదేశించవలసి వచ్చింది.

ప్రతిపక్షం చిన్నదైపోవడం మీద నాకు అభ్యంతరం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెలుగుదేశాన్ని 23 స్థానాలకు, 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌ను 11కు దించింది ఓటరే. ఎక్కువ ఓట్లు వచ్చిన ఒక్కరే గెలిచే మన పద్ధతిలో చిన్న పార్టీలు నలగడం కూడా సహజమే. ఓటరు బహుపార్టీ సభను ఎన్నుకుంటే, గెలిచినవారు దానిని నడిమధ్యలో ఏకపక్ష సభగా మార్చేయడమే నా బాధ.

మా నియోజకవర్గంలో నేను ఓటేసిన అభ్యర్థి కూడా పార్టీ మారారు. ఎందుకు మారారో ప్రజలకు చెప్పమని, లేదా రాజీనామా చేసి మళ్లీ మా ముందుకు రమ్మని మూడుసార్లు వినతిపత్రం ఇచ్చాను. మూడు కాగితాల మీదా "అందినది" అన్న ముద్ర పడింది. అంతకు మించి ఒక్క మాట రాలేదు. ఎండలో రెండు గంటలు వరుసలో నిలబడి వేసిన ఓటు అది, అయ్యా.

ఒక పార్టీ సభ్యుల్లో మూడింట ఒక వంతు చీలితే చాలు, అనర్హత వేటు పడదన్న వెసులుబాటును 2003లో 91వ సవరణతో పార్లమెంటే తీసేసింది. మూడింట రెండు వంతుల మంది విలీనాన్ని అనుమతించే ఆ షెడ్యూలులోని నాలుగో పేరాను కూడా అలాగే తీసేయండి. అనర్హత ఫిర్యాదులను స్వతంత్ర ట్రిబ్యునల్‌కు అప్పగించే ఆలోచన చేయమని 2020లోనే సుప్రీంకోర్టు పార్లమెంటుకు సూచించింది, దయచేసి దానిని పట్టించుకోండి. అదీ కుదరదంటే, ఫిర్యాదును ఎన్ని నెలల్లో తేల్చాలో ఆ గడువునైనా షెడ్యూలులో రాయండి. మరోసారి వేడుకుంటున్నాను, ఆ గడువునైనా రాయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత పౌరశాస్త్ర అధ్యాపకుడు