గల్లీ రోడ్డుకు నిధులడగడానికి ఒక ఫారం, ఒక గడువు, ఒక జవాబు కావాలి: పురపాలక మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

కాలనీ సంఘాలకూ బస్తీ పెద్దలకూ అర్జీలు రాసిపెట్టేవాళ్లం, ఎస్టిమేట్లు చదివి చెప్పేవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మా విన్నపం ఒక్కటే. సీసీ రోడ్డుకో, మోరీకో, పార్కుకో నిధులడిగే వాళ్లకు ప్రతి మునిసిపాలిటీలో ఒక ఫారం ఉండాలి, ఒక గడువు ఉండాలి, అవునో కాదో రాతపూర్వకంగా ఒక జవాబు రావాలి.

ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో సోమవారం ఇచ్చిన కాగితానికి నంబరైతే వస్తుంది. కానీ అది ఫిర్యాదు నంబరు, పని నంబరు కాదు. వీధి దీపం వెలగడం లేదన్న ఫిర్యాదూ, 120 మీటర్ల రోడ్డు కావాలన్న అర్జీ ఒకే వరుసలో పడతాయి. దీపం సంగతి సిబ్బంది నిచ్చెన ఎక్కితే తేలిపోతుంది. రోడ్డుకు అలా కాదు. ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, వచ్చి కొలవాలి, ఎస్టిమేటు వేయాలి, పైఇంజనీరు సాంకేతిక మంజూరు ఇవ్వాలి, కమిషనరో కౌన్సిలో పరిపాలనా మంజూరు ఇవ్వాలి, టెండరు పిలవాలి, అగ్రిమెంటు రాసుకోవాలి. ఎస్టిమేటు పడేదాకా అది కాగితమే తప్ప పని కాదు. అలాంటి అర్జీ మీద ‘నిధుల లభ్యతను బట్టి చేపట్టబడును’ అని ఒక వాక్యం రాసి, పరిష్కారమైనట్టు మూసేస్తే అడిగినవాళ్లు మళ్లీ మొదటి మెట్టు దగ్గరికే వస్తారు.

తప్పంతా ఆఫీసుదే అని మేం అనడం లేదు. ‘మా కాలనీలో రోడ్లు అధ్వానంగా ఉన్నాయి, తక్షణమే వేయించగలరు’ అని రాసిస్తే ఏఈ మాత్రం ఏం చేయగలరు? ఏ ఇంటి నంబరు నుంచి ఏ ఇంటి నంబరు దాకా, పొడవెంత, మొదట్లో, మధ్యలో, చివర్లో వెడల్పెంత, నల్లా పైపు, యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) లైను పడ్డాయా, వాననీరు ఎటు పోతుంది, లేఅవుట్ నంబరేంటి: ఇవి అర్జీలో ఉంటే సగం ఎస్టిమేటు అక్కడే తయారవుతుంది. ఒకే చోట నిలబడి వానలో తీసిన ఫోటో ఒకటి, ఎండలో తీసిన ఫోటో ఒకటి పెడితే చాలు, నీళ్లెక్కడ నిలుస్తున్నాయో వేరే చెప్పక్కర్లేదు. ఇవన్నీ అడిగే ఫారం లేదు కాబట్టి ఎవరూ రాయడం లేదు.

లెక్క తెలిస్తే పనిమీద కాపలా కూడా జనమే కాస్తారు. 120 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం ఉన్న రోడ్డుకు 72 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. అడుగున 10 సెంటీమీటర్ల బెడ్ వేస్తే అది ఇంకో 48. రెడీమిక్స్ బండి ఒక్కోటి 6 ఘనపు మీటర్లు తెస్తే, పై రోడ్డుకే 12 బండ్లు రావాలి. తొమ్మిదే వచ్చాయంటే మందం 11 సెంటీమీటర్ల దగ్గరే ఆగిందన్నమాట. అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి కూడా బండ్లు లెక్కపెట్టగలడు. ఆయనకు ఎస్టిమేటులోని ఆ ఒక్క అంకె తెలియాలి, అంతే.

ఇప్పుడు ఆ అంకె తెలియాలంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి 30 రోజులు ఆగాలి. గల్లీ రోడ్డు రెండు మూడు రోజుల్లో పోసేస్తారు. జవాబు వచ్చేసరికి దాని మీద బండ్లు తిరుగుతుంటాయి.

అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది రోడ్డు మీద రోడ్డు. పాత సీసీ పగిలిందని దాని మీదే కొత్తది పోస్తే గల్లీ 15 సెంటీమీటర్లు లేస్తుంది. వీధి కన్నా 30 సెంటీమీటర్లు ఎత్తున్న గడప 15కు దిగుతుంది. పదేళ్లకు ఇంకోసారి అలాగే పోస్తే గడప, రోడ్డు ఒకే మట్టానికి వస్తాయి, వాన నీళ్లు వంటింట్లోకొస్తాయి. ఇల్లు ఎత్తు పెంచుకునే స్తోమత లేనివాళ్లు గుమ్మానికి అడ్డంగా ఇటుక కట్ట కట్టుకుంటారు. ఇందులో కాంట్రాక్టరును తప్పుపట్టి లాభం లేదు. ‘పాత రోడ్డు తవ్వి తీసేయడం’ అన్న ఐటం ఎస్టిమేటులో లేకపోతే ఆయన తవ్వడు, తవ్వినా బిల్లు రాదు. కొలతకొచ్చినప్పుడే ఏఈ మేస్త్రీల లెవెల్ పైపులో నీళ్లు నింపి, ఒక కొస మోరీ దగ్గర, ఇంకో కొస ఒక్కో గడప దగ్గర పట్టించి, కొత్త రోడ్డు మట్టం గోడ మీద సుద్దతో గీయిస్తే అరపూటలో తేలిపోయే పని ఇది. ఆ గీత ఉంటే పోసిన రోజు ఎవరైనా చూసి చెప్పగలరు. మ్యాన్‌హోల్ మూతలు కూడా ఆ గీతను బట్టే లేపాలి, లేకపోతే అవి గుంటలైనా అవుతాయి, గుట్టలైనా అవుతాయి.

కొత్త రోడ్డు కోయడం కూడా ఇలాంటిదే. రోడ్డు పోసిన మూడు నెలలకు నల్లా లైను కోసం మధ్యలో కోస్తారు, పూడ్చిన చోట మట్టి కుంగుతుంది, అతుకు నిలవదు. టెండరు పిలిచే ముందే నీళ్ల విభాగం, డ్రైనేజీ విభాగం ‘ఈ గల్లీలో మా పని పూర్తయింది’ అని సంతకం పెట్టాలన్న నిబంధన ఉంటే ఈ ఖర్చు తప్పుతుంది.

డబ్బు సంగతి. ‘పది లక్షలు మంజూరు’ అనగానే జనం పది లక్షల రోడ్డు అనుకుంటారు. పని విలువ మీద 18 శాతం జీఎస్టీ, 1 శాతం కార్మిక సెస్ అందులోంచే పోవాలి. ఈ రెండూ తీసేస్తేనే పనికి మిగిలేది 8 లక్షల 40 వేలు. అర్జీదారులకు ఇది ముందే చెబితే ‘మిగతాది ఎవరు తిన్నారు’ అన్న అనుమానం సగం తగ్గుతుంది. ఆపైన టెండరులో లెస్, అంటే ఎస్టిమేటు కన్నా తక్కువకు కోట్ చేయడం. 25 శాతానికి మించి తక్కువకు కోట్ చేస్తే ఆ తేడాకు బ్యాంకు గ్యారంటీ గానీ డీడీ గానీ కట్టించుకోవాలన్న నిబంధన 2003 నుంచీ ఉంది. కానీ 24 శాతం లెస్‌కు వేసిన రోడ్డులో ఆ కోత ఎక్కడ పడుతుంది? సిమెంటులో పడుతుంది, నీళ్లు కట్టడంలో పడుతుంది. 14 రోజులు మళ్లు కట్టి నీళ్లు నిలపాల్సిన చోట రెండు పూటలు పైపుతో తడిపి వదిలేస్తారు. కాబట్టి క్యూరింగు, అంటే ఈ నీళ్లు కట్టడం, ఎన్ని రోజులన్నది పని బోర్డు మీద పెద్దక్షరాలతో ఉండాలి.

ఏ పద్దు కింద అడగాలో తెలియక పోయే అర్జీలు కూడా తక్కువేం కావు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకిచ్చిన గ్రాంటులో 60 శాతం ఫలానా పనికే వాడాలన్న షరతుతో ఇచ్చిన నిధులు: 30 శాతం తాగునీరు, వాననీటి సంరక్షణకు, 30 శాతం పారిశుద్ధ్యానికి. ఆ 60లోంచి రోడ్డు అడిగితే వచ్చేది కాదు, ఇంకుడు గుంత అడిగితే వచ్చేది. పార్కులో మొక్కలకు సాధారణ నిధి అక్కర్లేదు, 2019 మునిసిపాలిటీల చట్టం బడ్జెట్‌లో 10 శాతం హరితానికి పెట్టమంది. ఏ పద్దులో ఈ ఏడు ఎంతుందో వార్డు ఆఫీసు గోడకు ఒక కాగితం అంటిస్తే ఈ తిప్పలుండవు.

పార్కు అర్జీలు ఎక్కువగా ఆగేది స్థలం దగ్గరే. లేఅవుట్‌లో ఖాళీ స్థలం చూపించినా, దాన్ని మునిసిపాలిటీ పేరున గిఫ్ట్ డీడ్ చేయకపోతే అక్కడ రూపాయి పెట్టినా ఆడిట్ అభ్యంతరం వస్తుంది. ఇది మొదటి రోజే చెప్పాల్సిన మాట. రెండేళ్లు తిప్పిన తర్వాత చెబితే ఆలోపు పక్కవాళ్ల ప్రహరీ ఆ స్థలంలోకి జరుగుతుంది, ఒక మూల గది లేస్తుంది.

అందుకే మేం కోరేది ఇది. ఏటా జూలై 1 నుంచి సెప్టెంబరు 30 దాకా వార్డు ఆఫీసులో అర్జీలు తీసుకోండి. గుంత కనిపించేదీ ఫోటో దొరికేదీ వానల్లోనే, పైగా బడ్జెట్ తయారీకి ముందే అర్జీలు చేతికొస్తాయి. గ్రేటర్ హైదరాబాద్‌లో కమిషనరు బడ్జెట్ అంచనాలు నవంబరు 10 లోగా స్టాండింగ్ కమిటీ ముందు పెట్టాలని చట్టంలోనే ఉంది కదా. పుణె కార్పొరేషన్ 2006 నుంచి పౌరుల దగ్గర ఫారాలు తీసుకుని చిన్న పనులను వార్డు బడ్జెట్‌లో చేరుస్తోంది, కాబట్టి ఇది మన దేశంలో కొత్తేమీ కాదు.

అర్జీ అందిన 30 రోజుల్లో ఏఈ కొలతలు తీసుకోవాలి. ఎస్టిమేటు సారాంశం, అంటే పొడవు, వెడల్పు, మందం, కాంక్రీటు ఘనపు మీటర్లు, తవ్వకం, మొత్తం ఖర్చు, తెలుగులో ఒక పేజీగా అర్జీదారుకు ఇవ్వాలి. కాదంటే కారణం రాయాలి: స్థలం మునిసిపాలిటీది కాదు, పైపు లైను పడలేదు, ఆ పద్దులో డబ్బు లేదు. మూడోదే కారణమైతే అర్జీ కొట్టేయకుండా అదే నంబరుతో వచ్చే ఏడాదికి పోవాలి. ఏ పని ముందు, ఏది వెనక అన్నది వార్డు కమిటీల ముందు తేల్చాలి. 2019 చట్టం ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు అని నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది చొప్పున 60 మందిని పెట్టమంది. వాళ్లకు మొక్కలు నాటే రోజున ఫోటో దిగడమే కాక ఈ పని కూడా అప్పగించండి.

వీటిలో దేనికీ చట్టం మార్చాల్సిన అవసరం లేదు, మీ శాఖ నుంచి ఒక సర్క్యులర్ చాలు. ఫారం నమూనా ఒక పేజీది తయారుచేసి ఈ లేఖతో జత చేశాం. అందులో ఏ గడి అక్కర్లేదో మీ ఇంజనీర్లు కొట్టేయవచ్చు, కానీ గడప ఎత్తు అడిగే గడి మాత్రం దయచేసి ఉంచండి.

ఇట్లు,
కాలనీ, బస్తీ సంఘాలకు అర్జీలు రాసిపెట్టేవాళ్లం