రుద్రమ కులం కాదు, ఆమె మా ఊరికి ఇచ్చింది చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న గుంటూరు లాడ్జి సెంటర్లో ఒక ఫ్లెక్సీ చూశాను. గుర్రం మీద కత్తి దూసిన రుద్రమదేవి, ఆమె తలకన్నా పెద్దగా ఒక నాయకుడి ముఖం, కింద ‘మా కులం ఆడపడుచు’ అన్న రాత. వారం తిరక్కముందే అక్కడే ఇంకో సంఘం వాళ్లు ఆమె తమ ఆడపడుచని కట్టారు. కాకతీయుల వంశం గురించి ఆ కాలపు శాసనాలే ఒక్క మాట మీద లేవు. మోటుపల్లి శాసనం సూర్యవంశం అంటుంది, పాలమూరు వైపు భూత్‌పూరు శాసనం నాలుగో వర్ణం అంటుంది. దాన్ని ఇప్పుడు ఫ్లెక్సీల మీద తేల్చేస్తున్నారు! ఊరందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడని పల్నాట చెప్పుకునే బ్రహ్మనాయుడికీ కులసభల్లో ఇదే గతి.

నేను పుట్టింది మందడంలో. పక్కనే మల్కాపురంలో 1261 నాటి రాతిస్తంభం ఉంది. చిన్నప్పుడు దాని అక్షరాలు వేలితో తడిమేవాళ్లం, ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. తండ్రి గణపతిదేవుడు మాట ఇచ్చిన మందడాన్ని, తన వంతుగా వెలగపూడిని కలిపి గురువు విశ్వేశ్వర శివాచార్యులకు రుద్రమదేవి దానం చేసిన శాసనం అది. ఇవాళ సచివాలయం ఉన్నది ఆ వెలగపూడిలోనే. ఆ ఊళ్ల రాబడిని మూడు వంతులు చేశారు. ఒకటి గుడికి, ఒకటి మఠానికీ చదువుకునే పిల్లలకూ, మూడోది ప్రసూతిశాలకూ ఆరోగ్యశాలకూ సత్రానికీ. వైద్యుడికీ లెక్కలు రాసే కాయస్థుడికీ జీవనం ఏర్పాటు చేశారు. బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా అన్నం పెట్టాలని రాశారు. అందరూ సమానమని అందులో ఉందని నేననను, అదే రాతిలో విప్రులకు సత్రం విడిగా ఉంది. అయినా కాన్పు కోసం ఒక ఇల్లు కట్టాలని 760 ఏళ్ల కిందట తోచింది కదా. నా మొదటి కాన్పుకు నొప్పులతోనే బస్సెక్కి గుంటూరు రావలసి వచ్చింది. ఆ రాయిలో ఏముందో చాలా ఏళ్ల తర్వాత తెలిసి, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ శాసనాన్ని వాడుక తెలుగులో, చండాలుడన్న మాటతో సహా ఏదీ దాచకుండా, పెద్ద అక్షరాలతో సచివాలయం గేటు ముందు చెక్కించమని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. రుద్రమ బొమ్మతో ఓట్లడిగే ప్రతి నాయకుణ్ణీ మీ విలేకరులు ఒక్క ప్రశ్న అడగాలి: మీ నియోజకవర్గంలో రాత్రిపూట కాన్పు చేసే ఆసుపత్రులు ఎన్ని?

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు