నెట్ ఆగిన చోటు వెతకడం

మిర్యాలగూడ

ప్రియమైన బిడ్డకు నాన్న ఆశీస్సులు.

నెట్ రావడం లేదని, లాప్‌టాప్‌ను నడిపే ఉబుంటు లైనక్స్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తానని నీవు నిన్న ఫోన్‌లో అన్నప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు. ఆ పని చేయకు బిడ్డా. నెట్ లేనప్పుడు నెట్‌లో వెతకలేము కనుక నాకు తెలిసినది కాగితం మీద రాసి పంపుతున్నాను, నీ లాప్‌టాప్ సంచిలో ఉంచుకో.

సాగర్ ఎడమ కాలువ కింద మన మడికి నీళ్లు రాకపోతే మీ తాత పిల్లకాలువ వెంట తూము దాకా నడిచి, నీరు ఎక్కడ ఆగిందో కళ్లతో చూశాకే పార పట్టేవాడు. నీవూ దగ్గర నుంచి దూరానికి అలాగే వెతకాలి.

ఆదేశాలు కొట్టే కిటికీ, అంటే టెర్మినల్ తెరిచి ‘ఐపీ ఏ’ అని కొట్టు. వైఫై వరుస కింద 192.168తో మొదలయ్యే అంకెలు కనిపిస్తే రౌటర్ నీకు చిరునామా ఇచ్చినట్టే, 169.254 అని ఉంటే అడిగినా ఇవ్వలేదని అర్థం. ఏ అంకెలూ లేకపోతే ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ కొట్టి, ‘సాఫ్ట్ బ్లాక్డ్’ ఎదురుగా ‘యెస్’ ఉందేమో చూడు. ఉంటే వైఫై ఆపి ఉన్నట్టే.

తరువాత ‘ఐపీ రూట్’ కొడితే ‘డిఫాల్ట్ వయా’ పక్కన రౌటర్ చిరునామా వస్తుంది. దానికి పింగ్ కొట్టు, అంటే పలుకుతుందా అని చిన్న సందేశం పంపి చూడు. ‘64 బైట్స్’ అంటూ వరుసలు ఒకదాని కింద ఒకటి దిగుతుంటే అక్కడి వరకు దారి బాగుంది. లైనక్స్‌లో పింగ్ తనంతట తాను ఆగదు కాబట్టి కంట్రోల్, సీ కలిపి నొక్కాలి. ఇక బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కు కొట్టు. రౌటర్ పలికి అది పలకకపోతే లోపం చాలావరకు రౌటర్‌కు అవతలే ఉంటుంది. ఫైబర్ డబ్బా మీద ‘లాస్’ అనే ఎర్ర దీపం వెలుగుతుంటే లైన్‌లో సిగ్నల్ రానట్టే, లాప్‌టాప్‌ను ముట్టుకోకు.

రెండూ పలికినా ఏ సైటూ తెరుచుకోకపోవడమే మనిషిని ఎక్కువగా తికమక పెడుతుంది. పోయిన వానాకాలం మన ఇంట్లో సరిగ్గా ఇదే జరిగితే, నేను నెట్ కనెక్షన్ ఇచ్చిన కుర్రాడికి రెండుసార్లు ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాను. సాయంత్రం ‘రిసాల్వ్‌సీటీఎల్ స్టేటస్’ కొట్టి చూస్తే, ఎప్పుడో ఆఫీసు పని కోసం నేనే చేత్తో పెట్టిన పాత డీఎన్‌ఎస్ చిరునామా అక్కడ కనిపించింది. సైటు పేరును అంకెల చిరునామాగా మార్చి చెప్పేది డీఎన్‌ఎస్సే కాబట్టి, అది పలకకపోతే దారి బాగున్నా పేరుతో ఎక్కడికీ చేరలేము. సెట్టింగ్స్‌లో దానిని తీసివేసి ‘ఆటోమేటిక్’ పెట్టి, కనెక్షన్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేయగానే అన్నీ తెరుచుకున్నాయి. ఆ కుర్రాడికి మళ్లీ ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను. ఒకవేళ డీఎన్‌ఎస్ చిరునామా ఉండే ‘రిసాల్వ్ డాట్ కాన్ఫ్’ ఫైలులో 127.0.0.53 కనిపిస్తే కంగారు పడి చెరపకు, ఉబుంటులో అది మామూలే.

చదువుకు ఆటంకం రాకుండా, అంతవరకు ఫోన్‌ను కేబుల్‌తో లాప్‌టాప్‌కు కలిపి యూఎస్‌బీ టెథరింగ్ వేసుకుని ఫోన్ నెట్ వాడుకో. ఏది మార్చినా ఒక్కటే మార్చి, ఏమి మార్చావో నోట్‌బుక్కులో రాసి, పింగ్ కొట్టి చూశాకే రెండవది ముట్టుకో. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తాను. ‘ఐపీ రూట్’లో వచ్చిన వరుసలు రాసి ఉంచు, ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ నాన్న