పొలంలో దిగిన విమానం దగ్గరికి ఎగబడొద్దు

ఇంజన్ ఆగి పొలంలో దిగిన చిన్న విమానం చుట్టూ జనం ఎగబడడం చాలా ప్రమాదకరం. 2023 మే 30న బెళగావి శివారు పొలంలో ఒక శిక్షణ విమానం అత్యవసరంగా దిగినప్పుడు అందులోని ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. వెయ్యి అడుగుల ఎత్తులో ఇంజన్ ఆగితే సెస్నా అనే రెండు సీట్ల చిన్న విమానం నడిపే పైలట్‌కు దిగే చోటు వెతుక్కోవడానికి దొరికేది నిమిషంన్నర. అంత టెన్షన్‌లో ప్రాణాలు నిలుపుకొన్నవారిని మనమే మళ్లీ ముప్పులోకి నెడుతున్నాం. కొన్నేళ్ల క్రితం మా ఊరి చేలో అలాంటి విమానం దిగితే నేనూ వెళ్లాను. పెట్రోలు వాసన గుప్పుమంటోంది, పిల్లలు రెక్క ఎక్కి సెల్ఫీలు దిగుతున్నారు, గట్టు మీద ఒకాయన బీడీ ముట్టించబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ రెక్కల్లోనే ఇంధన ట్యాంకులుంటాయని అక్కడ ఎవరికీ తెలియదు. పైగా ఒక్క ముక్క కదిలించినా దర్యాప్తుకు ఆధారం పోతుంది. శిక్షణ విమానాలు తిరిగే ప్రాంతంలోని ప్రతి పంచాయతీలో ఫ్లయింగ్ స్కూళ్లు, పోలీసులు కలిసి ఏడాదికోసారి అవగాహన సభ పెట్టాలి. గాయపడినవారిని బయటికి తెచ్చాక వంద మీటర్ల దూరంలో తాడు కట్టాలని, నిప్పు దరిచేరనీయకూడదని, వెంటనే 112కు ఫోన్ చేయాలని పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించాలి.