ఇగురం కొలిచే ముందు మా మాట తెలుసుకోండి

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

మాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. తమ్ముడు ముంబైలో సెంట్రింగ్ పనికి పోయి, చెవిలో మాటలు వినిపిస్తున్నాయంటూ తిరిగొచ్చాడు. స్కిజోఫ్రీనియా అన్నారు. మందులతో చాలా నయం. నా గోడు మందుల గురించి కాదు.

మొన్న ఒక ఆసుపత్రిలో, ఎదుటివాళ్ల మనసులో ఏముందో పోల్చుకోగలడా అని పరీక్ష పెట్టారు. ఈ జబ్బులో ఆ శక్తి తగ్గుతుందట. నిజమే, మేం నవ్వుకుంటే తనను చూసే నవ్వుతున్నామనుకుంటాడు. కానీ అడిగిందేమిటి? బర్త్‌డే పార్టీలో ఒకామె ఇంకొకామె తెచ్చిన గిఫ్ట్ బాగాలేదందట, అందులో తప్పేమిటని. మా బర్త్‌డేలు ఎప్పుడో మా అమ్మకే గుర్తులేదు. "ఏం తప్పు లేదు" అన్నాడు. కళ్లలోకి చూడటం లేదని కూడా రాశారు. పెద్దవాళ్ల ముందు తల వంచుకోవడం వాడికి నాయన నేర్పిన మర్యాద. "రంది అయితుంది సార్" అని తన దిగులు చెప్పుకుంటే పరీక్ష పెట్టినాయనకు అర్థం కాలేదు. పాపం, ఆయన ఈ వైపు మనిషి కాదు.

అదే వారం మా ఇంట్లో పెళ్లి. హడావుడిలో చిన్నమ్మకు కార్డు పంపి ఊరుకున్నాం. తమ్ముడే అన్నాడు: "అక్కా, బొట్టు పెట్టి పిలువలే. చిన్నమ్మ రాదు సూడు." అమ్మ ఉరుకుతూ పోతే చిన్నమ్మ మూతి ముడుచుకునే ఉంది. ఇలా ఎదుటివాళ్ల మనసెరిగి మసలుకునే తెలివిని మేం ఇగురం అంటాం. ఆ కాగితంలో దీనికి మార్కుల్లేవు.

వినిపించే గొంతులకూ ఊరి వాసన ఉంటుంది. తాన్యా లూర్మన్ అనే అమెరికా పరిశోధకురాలి బృందం కాలిఫోర్నియా, ఘనా, చెన్నైలలో 20 మంది చొప్పున రోగులతో మాట్లాడి 2015లో ప్రచురించింది. అమెరికా వాళ్లు ఎక్కువగా హింస గురించిన గొంతులు చెప్పారు. చెన్నైలో చాలామందికి చుట్టాల గొంతులు, పని చెప్పేవి, మందలించేవి. తమ్ముడికి వినిపించేది చనిపోయిన పెదనాయన గొంతు. "బువ్వ తిను" అంటాడట.

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 2011లోనే, ఎదుటివాళ్ల మనసు పోల్చుకునే శక్తిని కొలిచే సోక్రాటిస్ అనే పరీక్షను మన దేశపు అలవాట్లకు తగ్గట్టు మలిచారు. అలాంటిది పాలమూరు, నల్లగొండ మాటలో, ఇక్కడి దావత్‌లు, అలకలతో తయారుచేయించండి. మార్కు వేసే ముందు ఇంటి మనిషిని ఒక అరగంట అడగమనండి. సేవలు రోగికీ, కుటుంబానికీ సమ్మతమైన తీరులో ఉండాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షనే చెబుతోంది.

వచ్చే నెల మళ్లీ రమ్మన్నారు. ఏం అడుగుతారోనని వాడికి ఇప్పటి నుంచే టెన్షన్.

ఇట్లు,
ఒక అక్క