ఇన్‌హేలర్: డబ్బా మీది పేరా, లోపలి మందా?

సంపాదకులకు,

వరి నూర్పిళ్ల దుమ్ము, గడ్డి తగలబెట్టిన పొగ కమ్ముకోగానే మా కోనసీమలో ఉబ్బసం ఉన్నవారికి ఇన్‌హేలర్ లేనిదే రాత్రి గడవదు. మొన్న జన్ ఔషధి కేంద్రం నుంచి సాల్బుటమాల్ ఇన్‌హేలర్ తెస్తే, చవక మందు పనిచేయదేమోనని మా అమ్మగారు పక్కన పెట్టేశారు. పాత బ్రాండు డబ్బాను దాని పక్కనే ఉంచి చదివి వినిపించాను: రెండింటిపైనా ఒక్కో పీల్పుకు 100 మైక్రోగ్రాములు, మొత్తం 200 పీల్పులు అనే ఉంది. గొంతుకు తగిలే తుంపర తీరు, రుచి కాస్త వేరనిపించవచ్చు కానీ మందు ఒకటే. నిజానికి డబ్బాను ఊపి, నొక్కుతూనే నెమ్మదిగా పీల్చి, పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి; అలా చేయకపోతే ఎంత ఖరీదైన బ్రాండైనా నోట్లోనే మిగిలిపోతుంది.

అంతకన్నా కలవరపెట్టేది, మందుల దుకాణాల్లో చీటీ అడగకుండానే వీటిని అమ్మేయడం. సాల్బుటమాల్ తాత్కాలికంగా ఆయాసం తగ్గిస్తుందే తప్ప శ్వాసనాళాల వాపును తగ్గించదు. అందుకే ఉబ్బసానికి దాన్నొక్కదాన్నే వాడవద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు 2019 నుంచి చెబుతున్నాయి. వైద్యులు చీటీపై మందు అసలు పేరు రాయాలనీ, దుకాణదారులు పీల్చే పద్ధతిని ఒక్కసారైనా చూపించాలనీ కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, అమలాపురం